సంచుల కాపలా

బ్లాక్‌పూల్‌లో జూలై అంటే
నాలుగు రకాల వాన, మధ్యలో కాస్త ఎండ.
బోల్టన్ నుంచి గంట దారి.
కారులో ఒక వాంతి, రెండు అలకలు,
పార్కింగ్ యంత్రంతో వీళ్ళ నాన్న యుద్ధం.
గేటు దాటేసరికే సగం అలిసిపోయాం.

నా ఉద్యోగం గేటు దగ్గరే ఖాయమైంది.
"అమ్మా, ఇది పట్టుకో."
కళ్ళద్దాలు, ఫోన్లు, తడి జాకెట్లు,
తన్మయి నాలుక నీలంగా మార్చి వదిలేసిన ఐసు గ్లాసు,
జంతికల డబ్బా.
బెంచీ మీద నేనూ ఒక సంచినే,
కాకపోతే నోరున్న సంచిని.

రైలు ఠకఠకమంటూ పైకెక్కుతుంది.
అంచున ఒక్క క్షణం
ఏదో మర్చిపోయినట్టు ఆగుతుంది.
ఆ తర్వాత అన్నీ కేకలే.
కేకకి యాస ఉండదంటారు గానీ
వీళ్ళ నాన్న "ఓరి నాయనో"ని
ఇంత కింద నుంచీ గుర్తుపట్టాను.

సీగల్ ఒకటి వచ్చి పక్కన వాలింది.
దానిది ఈ ఊరే, మొహమాటం లేదు.
మూత తియ్యగానే జంతిక ఎత్తుకుపోయి
వాము ఘాటుకి కాబోలు తల విదిలించి,
మళ్ళీ వచ్చింది, ఇంకోదానికి.

ఓజస్‌ది వేరే కథ.
క్యూ మొదట్లో చెక్క ఎలుగుబంటి చెయ్యి చాపి ఉంటుంది.
దాని అరచేతికి తల తగిలితేనే లోపలికి.
రాత్రి తలుపు చట్రానికి ఆనుకుని
మూడుసార్లు కొలుచుకున్నాడు వాడు.
పొద్దున్నే బూట్లలో రెండేసి మేజోళ్ళు కుక్కుకున్నాడు,
నేను చూడలేదనుకుని.
తల దువ్వనివ్వలేదు.
నిక్కబొడుచుకున్న జుట్టు కూడా లెక్కకొస్తుందని ఆశ.
తీరా వాన పడి జుట్టంతా అణిగిపోయింది.
ఎలుగుబంటి అరచేతికీ వాడి నెత్తికీ మధ్య
రెండు వేళ్ళ గాలి.

గేటు కుర్రాడు నిజంగానే నొచ్చుకుని
"వచ్చే ఏడు, బాస్" అన్నాడు.
ఏడేళ్ళవాడికి వచ్చే ఏడంటే ఇంకో జన్మ.

ఏడవలేదు. వచ్చి నా పక్కన కూచున్నాడు.
బూట్లు విప్పి, ఆ మేజోళ్ళు లాగి,
చేతికిచ్చాడు.
అవీ పట్టుకున్నాను.
కాసేపయ్యాక అడిగాడు:
"నువ్వెందుకు ఎక్కవు? నువ్వు పొడుగే కదా."

జవాబులు చాలానే ఉన్నాయి నా దగ్గర.
నడుము. బీపీ. ఎవరో ఒకరు ఇక్కడుండాలి.
తడి మేజోళ్ళు చేతిలో పెట్టుకుని
ఒక్కటీ చెప్పలేకపోయాను.

వీళ్ళ నాన్న తూలుతూ దిగి వచ్చాక
సంచులన్నీ ఆయన ఒళ్ళో కుమ్మరించి
ఒక్కదాన్నే వెళ్ళాను.
ఎలుగుబంటి ముందు, ఎందుకో, ఆగాను.
దాని చెయ్యి నా భుజం దాకా కూడా రాలేదు.

పైకెళ్ళాక సముద్రం కనిపించింది,
పిండకుండా ఆరేసిన దుప్పటిలా.
పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఉండి
ఇంత ఎత్తు నుంచి దేన్నీ చూ—

నేల తీసేశారు.

బయటికొచ్చే దారిలో తెర మీద ఫొటోలు.
మూడో వరసలో ఒకావిడ,
జడ ఊడి, నోరు బార్లా తెరిచి,
రెండు చేతులూ పైకి, ఖాళీగా.
కౌంటర్ అమ్మాయి అడిగింది: కావాలా, పన్నెండు పౌండ్లు.
పర్సు వీళ్ళ నాన్న ఒళ్ళో ఉంది.
తడుముకునేలోగా తెర మారిపోయింది.
ఆ సీట్లో ఇప్పుడొక బట్టతలాయన అరుస్తున్నాడు.

బెంచీ దగ్గర ఓజస్ సీగల్‌తో బేరమాడుతున్నాడు.
"భయమేసిందా?"
"వేసింది."
"చాలా?"
"చాలా."
వాడి మొహం ఇంత అయింది,
వాడే ఎక్కి దిగినట్టు.

తన్మయి జాకెట్ విప్పి చాపింది:
"అమ్మా, ఇది పట్టుకో."

చేతులు కిందికి దిగడానికి
కొంచెం సేపు పట్టింది.